గిసెలా చెప్పిన ఆరు ముక్కలు

ఎనిడ్ హాస్కెల్ నవలల్లో పెళ్లి కాకుండా మిగిలిపోయిన పిల్ల ఒక్కతీ లేదు. పద్దెనిమిది నవలలు, పద్దెనిమిది పెళ్లిళ్లు. లండన్ టైపిస్టు పిల్లలు వాటిని బస్సులో చదువుతూ దిగాల్సిన చోటు దాటిపోయేవారు. రాసిన మనిషికి మాత్రం నలభై దాటినా పెళ్లి కాలేదు. తల్లితో కలిసి క్రోయ్‌డన్‌లో ఉండేది.

"ఊరందరికీ మొగుళ్లని వెతికిపెడతావు. నీకొక్కడు దొరకలేదుటే?" అని తల్లి రోజూ దెప్పేది.

వియన్నా నాజీల చేతిలో పడ్డాక ఎనిడ్ వెతకాల్సి వచ్చింది మొగుళ్లని కాదు, పూచీదారులని. ఇంగ్లండులో ఎవరో ఒకరు "ఈ మనిషి తిండికీ నీడకీ నాదే పూచీ" అని సంతకం పెడితేనే అక్కడి ముసలి యూదులకు వీసా. ఎనిడ్‌కి పలుకుబడి ఉన్నవాళ్లెవరూ తెలియదు. తెలిసిందల్లా తన పాఠకులే. వారాంతాల్లో వియన్నా వెళ్లేది, సరిహద్దులో అడిగితే కొత్త నవలకి ఊరు చూడటానికని చెప్పేది. అక్కడి వాళ్ల కథలు రాసుకుని వచ్చి, వాటికి తన పనితనమంతా జోడించి పాఠకులకు పంపేది. పళ్ల డాక్టరు ఆమె ఉత్తరంలో వయొలిన్ విద్వాంసుడయ్యేవాడు. పదకొండుమంది అలా ఒడ్డెక్కారు. తప్పా అంటే, నాకైతే అందులో తప్పు కనబడదు.

1939 ఫిబ్రవరిలో ఆమె గిసెలా లోవీ గదిలో కూర్చుంది. గిసెలా అరవై రెండేళ్ల విధవరాలు. తోలుతో చేతి తొడుగులు చేసే పని. కొట్టు లాక్కున్నారు, ఇల్లు లాక్కున్నారు, మిగిలింది ఒక కత్తెర, ఇంకో కుటుంబంతో పంచుకున్న ఈ గది.

"మీవారిని మొదట ఎక్కడ చూశారు గిసెలా గారూ?"

"తోళ్ల మార్కెట్లో. బేరం కుదరక తిట్టుకున్నాం. ఆ తరవాత ముప్ఫయ్యేళ్లూ అదే పని."

"పియానో ఏమైనా వచ్చా?"

"పక్కింటావిడ వాయిస్తుంటే గోడ బాదడం వచ్చు."

ఎనిడ్ నవ్వేసింది. గిసెలా నవ్వలేదు.

"రాసుకో అమ్మాయ్. నా పేరు గిసెలా లోవీ. వయసు అరవై రెండు. చేతి తొడుగులు చేస్తాను. వంట అంతంత మాత్రం. నోరు మంచిది కాదు. ఎవరి మీదా పడి తినను. అంతే. దీనికి ఒక్క ముక్క కలిపావో, ఊరుకోను. నా గురించి అబద్ధాలు రాయడానికి ఇక్కడ పత్రికలున్నాయి, నువ్వు కూడా ఎందుకు?"

"అలాగేనండీ. మాటిస్తున్నాను," అంది ఎనిడ్.

ఇంటికొచ్చి ఆ కాగితం చూసుకుని నిట్టూర్చింది. ఇలాంటి మనిషిని ఎవరు రానిస్తారు? నోరు మంచిది కాదట! పాఠకుల మనసు తనకి తెలిసినంతగా ఈ ముసలమ్మకేం తెలుసు? కాగితాన్ని సొరుగులో పడేసి, పిల్లలంటే ప్రాణమిచ్చే ఒక సంగీతం పంతులమ్మను తయారుచేసింది.

మార్చిలో ఒక పాస్టరు దంపతులు ముందుకొచ్చారు. మా పిల్లలకి పియానో నేర్పుదురుగాని అని గిసెలాకి ఎంతో ప్రేమగా రాశారు. "నాకు పియానో రాదు. పిల్లలంటే చికాకు," అని గిసెలా జవాబిచ్చింది. వాళ్లు తప్పుకున్నారు. మే నెలలో ఒక కల్నల్ గారి భార్యకు, గిసెలా శాంతమూర్తి అని రాసి పంపితే అదీ అంతే అయింది. గిసెలా నుంచి ఎనిడ్‌కి ఒక్క వాక్యంతో కార్డు వచ్చింది: "నా ఆరు ముక్కలు ఏమయ్యాయి?"

"మొండి ఘటం! చావు ముంచుకొస్తుంటే ఈ బడాయి ఏమిటి?" అని తల్లి ముందు కేకలేసింది ఎనిడ్. ఆ కోపంలో సగం తనమీదే, కాని అప్పుడు ఒప్పుకోలేదు.

ఆగస్టు మొదట్లో చేసేది లేక ఆ ఆరు ముక్కలనూ ఉన్నవి ఉన్నట్టు ఇంకా అడగకుండా మిగిలిన నలుగురు పాఠకులకి పంపింది. నాలుగో రోజు నార్ఫక్ పల్లెలో గుర్రపు జీన్లు కుట్టే ఏమస్ టడ్నమ్ దగ్గర్నుంచి జవాబొచ్చింది. నవలలు చదివింది ఆయన భార్య. ఆమె పోయి రెండేళ్లు. "ఈవిడని పంపండి. తోలు పని తెలిసిన మనిషి. నన్ను తిట్టేవాళ్లు లేక ఇల్లు బోసిగా ఉంది," అని రాసి సంతకం పెట్టాడు.

గిసెలా ఆయనకు సొంతంగా రాసింది: నీ చెయ్యి కాగితం మీద పెట్టి చుట్టూ గీత గీసి పంపు. కొలత లేకుండా తొడుగు కత్తిరించడం ఆ పనివాళ్లలో ఉండదు. ఆయన పంపాడు. వీసా ఇరవై తొమ్మిదిన వచ్చింది, టికెట్టు సెప్టెంబరు నాలుగుకి. మూడో తారీఖున ఇంగ్లండు జర్మనీ మీద యుద్ధం ప్రకటించింది, దారులు మూసుకుపోయాయి.

ఏమస్ గది సర్దిపెట్టి ఆరున్నరేళ్లు ఎదురుచూశాడు. 1946 వసంతంలో వియన్నా యూదుల జాబితా వచ్చింది. 1942 జూన్‌లో తూర్పుకి, చావు శిబిరాలకి పంపిన రైల్లో గిసెలా పేరు ఉంది. తిరిగొచ్చినవాళ్లలో లేదు.

ఆ కబురు ఎనిడ్ ఉత్తరంలో చదువుకుని ఆయన క్రోయ్‌డన్ వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, కుడిచేతికి గోధుమరంగు తొడుగు ఉంది.

"యుద్ధానికి ముందు వారం పోస్టులో పంపింది. ఎడమది రైల్లో కుట్టుకుంటూ తెస్తానంది," అన్నాడు. "ఇలాంటి కుట్టు నా జన్మలో చూళ్లేదమ్మా. ఆవిడ చెప్పిన మాటలు మీరు రాసుకున్న కాగితం ఉందా? ఒక్కసారి చూస్తాను."

ఎనిడ్ తెచ్చిచ్చింది. ఆయన తొడుగు తీసి జేబులో పెట్టుకుని, కళ్లజోడు సవరించుకుని, ఆరు ముక్కలూ చదివాడు. తరవాత పైనున్న తేదీ చదివాడు.

"ఇది ఫిబ్రవరి."

"అవునండీ."

"నాకు అందింది ఆగస్టులో."

పోస్టు ఆలస్యమైందని చెప్పొచ్చు. అలాంటి కథలు అల్లడానికి ఎనిడ్‌కి క్షణం పట్టదు. నోరు తెరిచింది కూడా.

"సొరుగులో పెట్టేశానండీ," అంది. "ఇలా రాస్తే ఎవరూ ఒప్పుకోరనుకున్నాను."

ఏమస్ కాగితాన్ని జాగ్రత్తగా మడిచి బల్లమీద పెట్టాడు. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేదని ఎనిడ్‌కి బతికినన్నాళ్లూ అనిపించింది.

"ఫిబ్రవరిలో కూడా మా ఇల్లు ఖాళీగానే ఉందమ్మా," అన్నాడు.