పంది కొవ్వూ, మా ఆయన చంకా

ఛీ! ఇదీ ఒక ఉద్యోగమేనా? మాంసం ఫ్యాక్టరీలో కోసి కొక్కేలకు వేలాడదీసిన మగపందుల ముందు నిలబడాలి. కాలే ఇనుప చువ్వను మెడ కొవ్వుకు ఆనించి, లేచిన పొగను వాసన చూడాలి. బాగుంటే తలూపాలి. కంపు కొడితే "పక్కన పెట్టు!" అని అరవాలి. పాత ఉచ్చా, నాలుగు రోజుల చెమటా కలిపి ఉడకేసినట్టుంటుంది ఆ కంపు. తలుచుకుంటేనే డోకొస్తుంది.

పోయిన వారం ఒక సాయంత్రం కునుకు తీస్తుంటే మా ఆయన డ్యూటీ దిగి వచ్చి, ప్రేమగా నా మీద చెయ్యి వేశాడు. చంకలోంచి గుప్పున అదే కంపు. నిద్రమత్తులో "పక్కన పెట్టు!" అని అరిచాను, నా నోరు పడిపోను!

ఆయన మొహం మాడిపోయింది. దిండు తీసుకుని హాల్లోకి వెళ్ళిపోయాడు. మూడు రోజులు పడక అక్కడే.

నాలుగో రోజు పొద్దున, "నేనంటే అంత అసహ్యమైతే సాయంత్రం మా అక్క దగ్గరికి వెళ్ళిపోతాను" అన్నాడు. పదకొండేళ్ళ కాపురం, చంక దగ్గర తెగిపోవాలా?

ఆ రోజే ఫ్యాక్టరీలో మా ముక్కుల జన్యు పరీక్ష కాగితాలు ఇచ్చారు. పోయిన నెల బుగ్గ లోపల పుల్లతో రుద్ది నమూనా తీసుకెళ్ళారు లెండి. ఆ కంపును పసిగట్టే ప్రోటీన్ ఒకటి ముక్కులో ఉంటుందట. దాన్ని తయారుచేసే జన్యువు పేరు ఓఆర్7డి4. అమ్మ ఇచ్చిందీ నాన్న ఇచ్చిందీ, నాకు రెండూ నిక్షేపంగా పనిచేస్తున్నాయట. కొందరికి ఆ కంపే తెలియదట. మగపంది కొవ్వులోని పదార్థమే మగాళ్ళ చెమటలోనూ ఉంటుందని ఆ కాగితాలిచ్చిన డాక్టరమ్మ చెప్పింది.

ఆ కాగితమూ, డబ్బాలో కాస్త కంపు కొవ్వూ పట్టుకుని ఇంటికి పరుగెత్తాను. ఆయన సర్దుకున్న పెట్టె అప్పటికే గుమ్మంలో ఉంది. చెంచా కాల్చి కొవ్వుకు ఆనించాను. నేను ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకున్నాను.

"వాసన చూడండి."

ఆయన రెండుసార్లు గట్టిగా పీల్చాడు. "ఏముంది? కాలిన కొవ్వు వాసన, కంపేమీ లేదే!"

"మీ ముక్కుకి తెలీదు, నా ముక్కుకి తెలుస్తుంది. ఇదిగో కాగితం. మీ చంకలోనూ ఇదే కంపు."

"అంటే నేనూ పందీ ఒకటేనా?"

"ఆ ఒక్క విషయంలో. ఎవరి కంపు వారికింపు అంటారు, మీ కంపు నాకెలా ఇంపవుతుంది?"

"ఎప్పట్నుంచి?"

"పెళ్ళైన రోజు నుంచీ."

ఆయన పెట్టె మీద కూలబడ్డాడు. "పదకొండేళ్ళా? ఎలా భరించావే?"

"నోటితో ఊపిరి పీల్చుకుని! పక్కన పెట్టే సరుకైతే మొదటి రోజే పెట్టేదాన్ని కాదూ?"

ఆయన కళ్ళు తుడుచుకుని, పెట్టె ఎత్తుకుని లోపలికి రాబోయాడు. నేను ముక్కు మూసుకున్నాను.

"పెట్టె అక్కడే ఉండనివ్వండి. ముందు స్నానానికి తగలడండి!"