ఒక్కసారి పాడుచేస్తే చాలు

పెద్దాయన గిన్నె నాకి నున్నగా చేశాక, అతని మెడ వెనక చర్మాన్ని వేళ్లతో పైకెత్తి ఆమె సూది గుచ్చింది. ఎనిమిది యూనిట్లు. పెద్దాయన అంటే ఆ ఇంటి కుక్క. పదకొండేళ్లవాడు. ఒంట్లో షుగరు, దానికి తోడు కుషింగ్స్ అనే హార్మోన్ల జబ్బు. ఒకదానికి ఉదయం మాత్ర, ఇంకొకదానికి రెండుపూటలా ఏడింటికి, అన్నం తిన్నాకే, ఇన్సులిన్. గిన్నె దగ్గరికి వస్తుంటే ఇవాళ అతని కాళ్లు తడబడ్డాయి. ముసలితనం అనుకుంది.

స్నానాలగది తలుపు తెరుచుకుంది. తల తుడుచుకుంటూ వచ్చిన భర్త ఆగిపోయాడు.

"మళ్లీ ఎందుకు పొడిచావు? నేను వేసేశాగా."

"ఎప్పుడు?"

"సాయంత్రం ఐదింటికి, కాస్త కునుకు తీసే ముందు. రోజూ ఏడు కొట్టేసరికి ఫ్యాక్టరీ నుంచి పడుతూ లేస్తూ వస్తావు, ఇదేమైనా బ్రహ్మవిద్యా అని..."

"అన్నం పెట్టారా?"

"అన్నం కూడా పెట్టాలా?"

"సూది లెక్క రాసే పుస్తకంలో రాయలేదేం?"

"రాయాలా?"

చేసిన పని చెప్పే అలవాటు ఆ ఇంట్లో ఎవరికీ లేదు. చేసేది ఒక్క మనిషే అయితే ఎవరికి చెప్పాలి?

ఆమె అరవలేదు. తేనెసీసా, షుగరు చూసే మీటరు సంచిలో పడేసింది. "కారు తియ్యండి."

వెనకసీట్లో పెద్దాయన తల ఆమె ఒళ్లో ఉంది. చెవి అంచున పొడిచి చూసింది. ఎనభై. రెండో మలుపు దగ్గర అరవై; షుగరు పడిపోతోంది. పెద్దాయన ఒళ్లు వణకసాగింది. తేనె వేలితో తీసి చిగుళ్లకి రాసింది. "ఎర్రలైటు పడింది," అన్నాడు భర్త. "పడనివ్వండి, హారను కొట్టుకుంటూ మెల్లిగా దాటించండి," అంది ఆమె.

డాక్టరమ్మ గ్లూకోజు ఎక్కిస్తూ అడిగింది: "మాత్ర ఎప్పుడేశారు? నీళ్లు ఎంత తాగుతున్నాడు?" భర్త నోరు తెరిచి, భార్య వైపు చూశాడు. ఆమె చెప్పింది. గంట, మిల్లీలీటర్లు, పోయిన నెల కంటే పొట్ట ఎంత తగ్గిందో, వీపుమీద ఏ చోట కొత్త బొచ్చు వచ్చిందో కూడా.

"గట్టెక్కాడు. ఈ రాత్రికి ఇక్కడే ఉంచుతాను," అంది డాక్టరమ్మ.

తిరిగొస్తుంటే భర్త గట్టిగా ఊపిరి వదిలాడు. "బాబోయ్! జన్మలో ఆ సూది ముట్టుకోను. అది నీ చేతికే అచ్చొచ్చింది."

ఆ మాట ఆమె ఎక్కడో విన్నది. ఎక్కడేమిటి, ఇరవై రెండేళ్లుగా వింటూనే ఉంది. పెళ్లయిన కొత్తలో పాలు పొంగబెట్టాడు; "వాడికి రాదులేమ్మా," అని అత్తగారు నవ్వేసింది, ఆనాటి నుంచి పొయ్యి ఆమెదైంది. చొక్కా కాల్చాడు, ఇస్త్రీపెట్టె ఆమెదైంది. కూతురి జడ చిక్కులు పెట్టాడు, జడలు ఆమెవయ్యాయి. ఈ ఇంట్లో ఒక పని వదిలించుకోవాలంటే దాన్ని ఒక్కసారి పాడుచేస్తే చాలు. ఆమె మాత్రం ఏదీ పాడుచేయలేదు, అదే ఆమె చేసిన పొరపాటు. ఫ్యాక్టరీలో రెండో షిఫ్టుకి బట్టల కటింగ్ సూపర్‌వైజరుగా రమ్మని నెలరోజులుగా అడుగుతున్నారు. రేపటితో గడువు సరి. సాయంత్రం ఏడింటి సూది ఉందనే కదా ఇన్నాళ్లూ నసుగుతోంది!

"అచ్చురావడం కాదండీ, నేర్చుకోవడం," అంది నెమ్మదిగా. "నేనూ పుట్టుకతో నేర్చుకురాలేదు. రేపటినుంచి సాయంత్రం సూది మీదే."

"మళ్లీ ఏదైనా అయితే?"

"అవకుండా నేర్పుతాను. స్పాంజిముక్క మీద, ఉత్త నీళ్లతో. యాభై సార్లు."

అరవై రెండుసార్లు పట్టింది. ఆ తర్వాత వారంపాటు తన ఎదురుగా పెద్దాయనకే వేయించింది. మూడోరోజు సూదికి ముందు భర్తే "తిన్నావట్రా?" అని పెద్దాయన్ని అడగడం విని, ఆమె వంటింట్లోకి వెళ్లి నవ్వుకుంది.

ఇవాళ రెండో షిఫ్టు మొదటిరోజు. గోడగడియారంలో ఏడు దాటి రెండు నిమిషాలు. కటింగ్ బల్ల మీద ఫోను మోగింది. పుస్తకంలో పేజీ ఫొటో, వంకర అక్షరాలు: "అన్నం తిన్నాడు. ఎనిమిది యూనిట్లు. వేశాను." కిందే ఇంకో మెసేజ్: "ఇస్త్రీపెట్టె ఎక్కడుంది?"

ఏ అరలో ఉందో రాసింది. ఫోను బోర్లా పెట్టి, కత్తెర అందుకుంది.