నాలుగు రోజులు ఎక్కువగా ఉన్నాను

నేను ఒక సన్నటి ప్లాస్టిక్ గొట్టాన్ని. జానెడు పొడవు కూడా ఉండను. ఆస్పత్రిలో నన్ను సెంట్రల్ లైన్ అంటారు. మెడ దగ్గర పెద్ద నరంలోంచి గుండె దాకా వెళ్ళి మందు చేరవేయడం నా ఉద్యోగం. ఇప్పుడు ఎర్ర సంచిలో, వాడేసిన సెలైన్ గొట్టాల మధ్య పడి ఉన్నాను. రేపు మమ్మల్ని ఆవిరిలో ఉడికించి ముక్కలు చేస్తారట. చెప్పదలచుకున్నది ఈలోగానే చెప్పేయాలి.

నా పుట్టుక మహా మడిగా జరిగింది. ముక్కుకీ మూతికీ గుడ్డలు కట్టుకున్నవాళ్ళు, తమ ఊపిరి కూడా తగలనీయకుండా నన్ను తయారు చేసి, విషవాయువుతో శుద్ధి చేసి, కవరులో పెట్టి అతికించారు. ‘ఒక్కసారికే’ అని దాని మీద అచ్చు వేశారు. మనుషులూ ఒక్కసారికే కదా, కాకపోతే వాళ్ళ మీద అచ్చు వేయరు. ఆ కవరులోనే ఏడు నెలలు స్టోర్ గదిలో పడుకున్నాను.

విశాఖపట్నంలో ఒక పిల్లల ఆస్పత్రి ఐసీయూలో ఆ కవరు చింపారు. నాలుగేళ్ళ లాస్యకి న్యుమోనియా ముదిరి బీపీ పడిపోయింది. నరం దొరక్క చేతుల్లో, కాళ్ళలో పదకొండు చోట్ల పొడిచారు. చివరికి డాక్టరు నన్ను మెడలో వేశాడు. నాలోంచి మందు వెళ్ళింది, పిల్ల నిలబడింది. గర్వపడ్డానని ఒప్పుకుంటాను.

అయిదో రోజుకి లాస్య లేచి కూర్చుని ఇడ్లీ తింది. ఇక నాతో పని లేదు. పని తీరాక నేను ఒంట్లో ఉండటమంటే వీధి తలుపు తీసిపెట్టి నిద్రపోవడమే. మూత విప్పిన ప్రతిసారీ క్రిములకు దారి దొరుకుతుంది. అందుకే ఆ వార్డులో రోజూ పొద్దున్నే ఒక కాగితం నింపుతారు. లైను ఇంకా అవసరమా అని అందులో ఒక ప్రశ్న ఉంటుంది.

ఆ కాగితం నింపే సువార్త సిస్టర్ అందరికంటే జాగ్రత్త మనిషి. కడిగీ కడిగీ ఆమె వేళ్ళు పగిలిపోయి ఉంటాయి. లాస్య తల్లి ఎర్నమ్మ ఆమె ముందు కూతురి చేతులు పట్టి చూపించింది.

“రోజూ రగతం తీస్తారు గదమ్మా. మా గుంటని మరి పొడవకండి. సేతులు సూడండి, ఎలగ కమిలిపోనాయో.”

సువార్త చూసింది. డాక్టరు రౌండ్స్‌కి వచ్చినప్పుడు, “ఉంచుదాం సార్. రక్తం దీంట్లోంచే తీసుకోవచ్చు, పిల్లకి సూది తప్పుతుంది,” అంది. ఆయన సరేనన్నాడు. ‘అవసరం’ దగ్గర టిక్కు పడింది. మర్నాడూ పడింది. అలా నాలుగు రోజులు. జాలితో పెట్టిన టిక్కులవి, వాటిని నేనేమని తప్పు పట్టను? సిరంజి దగ్గరికి వచ్చినా లాస్య బెదరకుండా ఫోనులో బొమ్మలు చూసుకునేది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం చలితో వణికిస్తూ జ్వరం వచ్చింది. నా లోపలి గోడకి జిగటగా అంటుకున్నదేమిటో నాకు ముందే తెలుసు. రక్తం పరీక్షకు పంపారు. సాయంత్రానికి పిల్ల మాట తడబడింది, బీపీ మళ్ళీ పడిపోయింది. కొత్త లైను వేసే వ్యవధి లేక మందులన్నీ నాలోంచే ఎక్కించారు. వాటితోపాటు నేను ఇంకేం మోసుకెళ్ళానో తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. మర్నాడు పొద్దున ల్యాబు నుంచి ఫోను వచ్చింది, లైనులోంచి తీసిన రక్తంలో క్రిమి పెరిగిందని. ఫోను ఎత్తింది సువార్తే. పదకొండింటికి లాస్య పోయింది.

నా కుట్లు కత్తిరించి బయటికి లాగింది కూడా సువార్తే. అప్పటికి ఎర్నమ్మ ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకుంది. మంచం పక్కకి వచ్చి నిలబడింది.

“సిస్టరమ్మా, అందరూ పొడిసినోళ్ళే. మీరొక్కరే మా గుంటకి నొప్పి తెలీకుండా సూసుకున్నారు. మీ మేలు మర్సిపోను.”

“అది కాదమ్మా...” అని సువార్త ఆగిపోయింది.

ఎర్నమ్మ ఆమె చెయ్యి రెండు చేతులా పట్టుకుని కళ్ళకద్దుకుంది. ఆ చేతిలో ఇంకా నేనే ఉన్నాను.