చివరిదాకా కలిసిన గీతలు

హైందవికి ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో అర్థం కాలేదు. కంప్యూటర్ మీదా, దాన్ని ముట్టుకున్న దుర్గేష్ మీదా, ముట్టుకోనిచ్చిన తన మీదా?

సాయంత్రం పంజాగుట్టలో రాఘవయ్య గారింటికి వెళ్ళి థీసిస్ మీద సంతకం చేయించుకోవాలి. ఆయన ఆమె గైడు, వచ్చే వారం రిటైరవుతున్నారు. ఒక్క గ్రాఫు కాస్త పెద్దదిగా, శుభ్రంగా ప్రింటు తీయించుకుందామని అమీర్‌పేటలో పైథాన్ ప్రోగ్రామింగ్ చెప్పే పాత క్లాస్‌మేట్ దుర్గేష్ దగ్గరకు వచ్చింది. తీరా అతను ప్రోగ్రాము మళ్ళీ నడిపి చూపిస్తే గ్రాఫే మారిపోయింది.

ఆ గ్రాఫే ఆమె ఇన్నేళ్ల చదువు. గాజుపాత్రలోకి రసాయనాలు సన్నగా వదులుతూ ఉంటే లోపలి ద్రవం ఎరుపు నుంచి నీలానికి, మళ్ళీ ఎరుపుకి మారుతూ ఉంటుంది. వదిలే వేగం ఒకచోటికి రాగానే ఆ మార్పుకు ఒక పద్ధతంటూ ఉండదు. ఒకసారి తొందర, ఒకసారి బద్ధకం. ఆ పిచ్చిని హైందవి సమీకరణాల్లో పెట్టింది. పాత్రలో రంగు చిక్కదనం కొలిస్తే వచ్చిన గీత, లెక్క గీసిన గీత చివరి శిఖరం దాకా ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. రాఘవయ్య గారు మురిసిపోయి దానికి ఫ్రేము కట్టించి ముందుగదిలో తగిలించుకున్నారు. మొదట్లో ఏ రసాయనం ఎంత ఉందనుకోవాలో తెలియక, వందల అంకెలు మార్చి మార్చి చూస్తే ఒకటి అలా కూర్చుంది. ఆ సంగతి ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. దాచాలని కాదు, అందులో చెప్పేదేముందని.

"ఏం చేసినవ్ దుర్గేష్? జర నిజం చెప్పు."

"ఏం చేయలేదు తల్లీ. సమీకరణాల్లో నువ్వు కూడే పదాలన్నీ అడ్డదిడ్డంగా ఉంటే అక్షరక్రమంలో సర్దాను, అంతే. మా ఇన్‌స్టిట్యూట్‌లో మొదటి రోజు నేర్పేదే అది. ఏ వరసలో కూడినా మొత్తం ఒకటేగా?"

కాగితం మీద ఒకటే. కంప్యూటర్ మాత్రం పదహారో అంకె దగ్గర తోక కత్తిరిస్తుంది. వరస మారితే కత్తిరింపు మారుతుంది. ఆ పిసరంత తేడా మొదట కనబడదు. ఒక్కో శిఖరం దాటేకొద్దీ అది పెరిగి, సగం దూరం పోయాక రెండు గీతలూ ఎడమొహం పెడమొహమయ్యాయి. పాత వరస పెడితే పాత గ్రాఫు, కొత్త వరస పెడితే కొత్త గ్రాఫు. ఏది తప్పని అడిగితే దుర్గేష్ తల గోక్కున్నాడు.

మెట్రోలో పంజాగుట్ట ఒక్క స్టేషను. అంతలోనే హైందవికి అసలు సందేహం పట్టుకుంది. కూడే వరస మారితేనే తట్టుకోలేని గీత, పంపు వణుకుతూ, గది వేడెక్కుతూ ఉండే ఆ గాజుపాత్రతో చివరిదాకా ఎలా నడిచింది? నడవలేదు. నడిచినట్టు కనబడేదాన్ని తనే వెతికి పట్టుకొచ్చింది. అయితే సమీకరణాలే తప్పా? పాత గ్రాఫు చూపించి నోరు మూసుకుంటే సంతకం అయిపోతుంది. మూసుకోవాలనే అనుకుంది కూడా.

రాఘవయ్య గారు పెన్ను తీసి పెట్టుకునే కూర్చున్నారు. ఆ పెన్ను చూశాక ఆమె నోరు మూసుకోలేకపోయింది. రెండు గ్రాఫులూ ముందు పెట్టి, వందల అంకెలు మార్చి చూసిన సంగతితో సహా జరిగింది చెప్పేసింది.

"ఏంటమ్మా ఇది? సంతకం కోసం వచ్చావా, సందేహం కోసం వచ్చావా? ఇందులో ఏది కరెక్టు?"

"నాకు సుత సమజైతలేదు సార్. గీతలు పక్కన పెడదాం. ఒక్కో పీక్ ఎంత ఎత్తుంటే దాని తర్వాతి పీక్ ఎంత ఎత్తొస్తదో, ఒక్కో జతకు ఒక్కో చుక్క పెట్టి చూద్దామా? పాత్రకు సుత పెడదాం."

ల్యాప్‌టాప్ మీద పాత లెక్కకూ, కొత్త లెక్కకూ, పాత్రకూ మూడు రంగుల చుక్కలు పడసాగాయి. మొదట చెల్లాచెదురుగా పడ్డాయి. పడగా పడగా మూడు రంగులూ ఒకే మూపురం ఆకారం మీదికి చేరాయి. అంటే ఒక శిఖరం నుంచి ఇంకో శిఖరానికి పోయే తీరు మూడింటికీ ఒకటే. సమీకరణాలు తప్పు కావు. గీతలు కలిసి తీరాలని ఇద్దరూ కోరుకోవడమే తప్పు. హైందవికి ఏడుపొచ్చింది.

"ఇంటికొచ్చిన ప్రతివాడికీ దాన్నే చూపించానే," అన్నారు రాఘవయ్య గారు గోడవైపు తిరిగి.

ఆయన లేచి, ఫ్రేమును మేకు నుంచి దించి బల్ల మీద బోర్లించారు. పెన్నుకు మూత పెట్టారు.

"ఆ అధ్యాయం మళ్ళీ రాయి. చుక్కలు పెట్టు, ఈ గీత ఎలా దొరికిందో కూడా రాయి. వచ్చే శనివారం లోపు, నేను రిటైరయ్యేలోగా తెస్తే సంతకానికి నేనుంటాను. తర్వాత వేరే గైడును చూసుకోవాలి."

కిందికి వచ్చేసరికి దుర్గేష్ ఫోను.

"పెట్టారా సంతకం?"

"పెట్టలే. గోడ మీది గ్రాఫు దించిన్రు."

"అయ్యో, నా వల్లేనా?"

"నీ వల్లనే," అంది హైందవి. తిట్టిందో, మెచ్చుకుందో ఆమెకే తెలియలేదు.