ఎడమకాలి బ్రేకు

"ఆ చేతుల్తోనే పిండి కలిపేస్తావా ఏంటి?" అంది అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి.

ఆమె చేతులు చూసుకుంది. మూడుసార్లు సబ్బు రాసింది, గిన్నెలు తోమే పొడితో కూడా రుద్దింది. అయినా గోళ్ల చివర నల్లటి గీత అలాగే ఉంది. ఇది మురికి కాదత్తయ్యా, గ్రీజు, అనబోయి ఊరుకుంది. పదహారేళ్ల కాపురంలో అనబోయి ఊరుకున్న మాటలన్నీ పోగేస్తే ఇంకో ఇల్లు నిండుతుంది. "నాదే పొరపాటు" అని మళ్లీ పంపు తిప్పింది.

ఆ మాట ఆమె నోటికి పట్టేసి చాలా కాలమైంది. భర్త తన గొడుగు తానే బస్సులో మర్చిపోయి వచ్చి, "బయల్దేరేటప్పుడు గుర్తు చేయొద్దూ?" అన్నాడు. నాదే పొరపాటు. ఆమె డ్యూటీలో ఉన్న వేళ ఇంట్లో పాలు పొంగిపోయాయి. "పాలు పొంగితే చూసుకునే దిక్కు లేదు ఈ కొంపలో" అన్నాడు, పొయ్యికి నాలుగడుగుల దూరంలో పేపరు చదువుకుంటూ కూర్చున్న మనిషి. నాదే పొరపాటు. ఆ మాట పడగానే స్విచ్చి నొక్కినట్టు గొడవ ఆగిపోతుంది, మిగిలిన పనికి కాస్త వేళ చిక్కుతుంది. అంతకు మించి అందులో అర్థం వెతకడం ఆమె మానేసింది. కోపం వస్తుందా, ఏడుపు వస్తుందా అని అడిగితే చెప్పలేకపోయేది. చాలాసేపు ముడుచుకుని కూర్చుంటే కాలు తిమ్మిరెక్కుతుంది కదా, కాలు ఉంటుంది గానీ మనది కాదనిపిస్తుంది. ఆమెకు లోపలంతా అలా ఉండేది. నొప్పి లేదు కాబట్టి బాగానే ఉన్నాననుకునేది.

ఆమె రక్తపరీక్షల ల్యాబ్‌లో టెక్నీషియన్. నరం దొరకని ముసలివాళ్లనీ, గుక్కపట్టి ఏడ్చే పిల్లల్నీ పన్నెండేళ్లుగా అందరూ ఆమె కుర్చీకే పంపుతారు. జీతాలు పెంచే నెలలో మాత్రం ఆ కుర్చీ ఎవరి కంటికీ ఆనదు. అలాంటిది నాలుగు నెలల కిందట మేనేజరు పిలిచి, ఊరి అవతల కొత్త బ్రాంచి తెరుస్తున్నామనీ, దానికి ఆమెను ఇన్‌ఛార్జిగా అనుకుంటున్నామనీ చెప్పాడు. "పొద్దున ఆరింటికల్లా తాళం తీయాలి మేడమ్. పరగడుపున పరీక్షలకు వచ్చేవాళ్లు అప్పటికే గుమ్మంలో ఉంటారు. మీవారిని ఒకసారి అడిగి చెప్పండి." ల్యాబ్‌లో ఇంకా ఆరుగురు మగవాళ్లున్నారు. వాళ్లలో ఒక్కరినైనా మీ ఆవిడని అడిగి చెప్పమనడం ఆమె ఎన్నడూ వినలేదు.

అడిగింది. అటువైపు మొదటి బస్సు ఏడింటికి గానీ లేదు. "ఆరింటికా? ఆ వేళప్పుడు నిన్నెవరు దింపుతారు? ఉన్న ఉద్యోగానికేం రోగం?" అన్నాడు భర్త. కారు ఉంది, కానీ అది అతని కారు.

ఇంటి పక్క రేకుల షెడ్డులో మామగారి మోటారుసైకిలు ఉంది. ఆయన పోయి పదేళ్లయింది. అప్పట్నుంచి దాని మీద కాలు విరిగిన కుర్చీ, పాత పరదాలు, ఎందుకు దాచారో ఎవరికీ తెలియని అట్టపెట్టెలు పేరుకుపోయాయి. పెళ్లికి ముందు ఆమె అన్నయ్య బండి నడిపేది. లైసెన్సు ఇప్పటికీ బీరువాలో చీరల కింద ఉంది. "ఏమండీ, ఆ బండి బాగుచేసుకుంటాను" అంటే అతను పొట్ట పట్టుకుని నవ్వాడు. "చేసుకో, నీ సరదా నేనెందుకు కాదనాలి? నా జేబులోంచి మాత్రం పైసా రాలదు."

ల్యాబ్ వెనక సందులో ఒక ముసలి మెకానిక్ ఉన్నాడు. నెలనెలా చక్కెర పరీక్షకు వస్తాడు. అతని చేతిలో నరం దొరకదు, అందుకని ఆమె తప్ప ఇంకెవరు సూది పట్టినా చెయ్యి లాగేసుకుంటాడు. ఆమె సంగతి విని, "నా నరం నీకు దొరికినట్టే నీ బండి నరం నాకు దొరుకుతుందిలే తల్లీ" అన్నాడు. చేయడం మాత్రం నువ్వే చేసుకోవాలి, నేను పక్కన కూర్చుని తిడతాను అన్నాడు. అన్నమాట ప్రకారం ఆదివారాలు మధ్యాహ్నం వచ్చి షెడ్డు గుమ్మంలో పీట వేసుకుని తిట్టేవాడు. ఆమె వంట ముగించి, అంట్లు తోమి, బట్టలు ఆరేసి, ఇల్లంతా కునుకు తీసే వేళకు అక్కడికి చేరేది. కొత్త సామాను కొనే స్తోమత లేదు గనక ఉన్నదాన్నే రుద్దారు, కడిగారు, అతుకు వేశారు. మరీ కావలసినవి పాత సామాన్ల కొట్టులో ఏరుకొచ్చారు. నట్టు రాకపోతే కిరసనాయిలు పోసి మళ్లీ ఆదివారం దాకా ఆగేవారు.

ఇంజను రెండో నెలకే దగ్గి, పొగ కక్కి, లేచి కూర్చుంది. "అబ్బో! బాబాయ్, లేచింది!" అంది ఆమె. అతను లెక్కచేయలేదు. "కదలడం ఏముంది తల్లీ. ఇప్పుడు దీనికి ఆగడం నేర్పాలి."

బ్రేకులకే మిగతా రెండు నెలలూ పట్టింది. వెనక చక్రం ఊడదీస్తే దాని మధ్యనుండే బ్రేకు డ్రమ్ము లోపల నల్లటి పొడి, తుప్పు. దాన్ని లోపల్నుంచి పట్టి ఆపాల్సిన రెండు షూల మీద పట్టీలు అరిగి అరిగి రేకు కనబడుతోంది. కొత్త షూలు కొనకుండా పాతవాటికే పట్టీలు వేయించింది. గరుకు కాగితంతో డ్రమ్ము లోపల గంటలకొద్దీ రుద్దింది. పట్టీల అంచులు ఆకురాయితో వాల్చింది. కీలు దగ్గర గ్రీజు రాస్తుంటే ముసలాయన పీట మీంచి లేచి మరీ అరిచాడు. "గోరంత! గోరంతే! పట్టీకి అంటిందా, ఇంక ఆ బండి దేవుడొచ్చినా ఆగదు." చివరికి నట్టు కాస్త బిగించడం, చక్రం తిప్పి చెవి పెట్టడం, మళ్లీ కాస్త వదలడం. చక్రం స్వేచ్ఛగా తిరగాలి, తొక్కితే పట్టాలి, వదిలితే వదలాలి. ఒక మధ్యాహ్నం చక్రం తిరుగుతుండగా సన్నగా, కాగితం మీద గోరు గీసినట్టు చప్పుడు వినబడింది. తొక్కితే చక్రం టక్కున ఆగిపోయింది. ఆ దెబ్బ పెడల్ లోంచి ఆమె అరికాలికి తగిలింది. ఎన్నేళ్లకో తన ఒంటికి ఏదో తగిలినట్టు అనిపించి, ఇంకోసారి తొక్కి చూసింది.

"ఒక్కటి గుర్తుపెట్టుకో" అన్నాడు ముసలాయన. "ఈ కాలం బండ్లకి గేరు ఎడమకాలు, బ్రేకు కుడికాలు. దీనికి తిరకాసు. గేరు కుడికాలు, బ్రేకు ఎడమకాలు. అలవాటున్నవాళ్లే దీంతో దెబ్బతింటారు." ఆమె పదహారేళ్లుగా బండి ముట్టలేదు, పాదాలకు ఏ అలవాటూ మిగల్లేదు. అది కలిసొచ్చింది. రెండు ఆదివారాలు ఖాళీ సందులో నడిపేసరికి ఎడమకాలికి పాఠం వచ్చేసింది. శుక్రవారం మేనేజరుకి సరేనని చెప్పి, కొత్త బ్రాంచి తాళాలు తెచ్చుకుంది. సోమవారం ఆరింటికి తెరవాలి. ఆమె రాకపోతే ఇంకో టెక్నీషియన్ తయారుగా ఉన్నాడు.

ఆదివారం పొద్దున, తుడిచి నిలబెట్టిన బండి చుట్టూ భర్త రెండు ప్రదక్షిణాలు చేశాడు. "మా నాన్న బండి. ముందు నేనెక్కాలి" అన్నాడు.

"ఎక్కండి. కానీ బ్రేకు ఎడమ..."

"కారు కొనకముందు ఇరవై ఏళ్లు బండి నడిపాను. నువ్వా నాకు నేర్పేది?"

బయల్దేరడం బాగానే బయల్దేరాడు, గేరు కోసం కాసేపు కాళ్లతో తడుముకున్నా. వీధి చివరిదాకా వెళ్లి, ఎదురింటివాళ్లకి చెయ్యి ఊపి, తిరిగొచ్చాడు. గేట్లోకి తిరిగేటప్పుడు వేగం ఎక్కువైంది. కంగారులో ఇరవై ఏళ్ల అలవాటు పైకి లేచి కుడికాలు బలంగా తొక్కింది. చేత్తో పట్టే ముందు చక్రం బ్రేకు నొక్కితే బండి బోర్లా పడుతుందని నమ్మే మనుషుల్లో అతనొకడు, అందుకని చేతులు కూడా ఊరుకున్నాయి. బండి నేరుగా వెళ్లి గోడకు గుద్దుకుంది. లైటు అద్దం పగిలింది, మోకాలు దోక్కుపోయింది.

"బ్రేకుల్లేవు దీనికి! చంపేసేదే నన్ను!" అని అరిచాడు కిందనుంచే.

ఆమె మోకాలు కడిగి మందు రాసి కట్టు కట్టింది. ఆ కట్టు కాలితోనే కూర్చుని అతను వరసగా ఫోన్లు చేశాడు. అన్నకి, బావకి, ఆఫీసులో స్నేహితులకి. "మా ఆవిడ చేసిన బ్రేకులు కదరా, ఆమాత్రం ఉంటాయి." అవతలి నవ్వులు గదిలోకి వినబడుతున్నాయి. ఎదురింటాయన వచ్చి మోకాలు పరామర్శించి, "ఇలాంటివి ఆడవాళ్లకి వదిలేస్తే ఎలాగండీ" అని కాఫీ తాగి వెళ్లాడు. ఆ కాఫీ కూడా ఆమే పెట్టింది. అతను ఫోను పక్కన పెట్టి ఆమె వైపు చూశాడు. ఎదురుచూస్తున్నాడు. ఆమెకు తెలుసు దేనికో. మాట నాలుక చివరిదాకా వచ్చింది, ఎన్నడూ లేనిది అక్కడే ఆగింది.

"ఏం, నోట్లోంచి మాట రాదేం?" అన్నాడు.

ఆమె కాఫీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్లింది. వెనకనుంచి అతను పాతసామాన్ల వాడికి ఫోను చేయడం వినబడింది. రేపు పదింటికి వచ్చి బండి పట్టుకుపోతాడట.

సిగ్గుపడాల్సిన సంగతి ఏమిటంటే, మధ్యాహ్నానికి ఆమెకే అనుమానం వచ్చింది. ఇంతమంది అంటున్నారంటే నిజంగా పట్టలేదేమో, గ్రీజు అంటిందేమో. తన చేతులతో రెండు నెలలు చేసిన పనిని ఒక్క పూటలో అనుమానించడం ఆమెకు అంత సులువుగా వచ్చేసింది. షెడ్డుకి వెళ్లి చక్రం తిప్పింది. సన్నటి చప్పుడు అలాగే ఉంది. తొక్కితే టక్కున ఆగింది. వంగి చూస్తే ఎడమవైపు బ్రేకు పెడల్ మీద క్రితం రోజే వేసిన రంగు మీద గీత కూడా పడలేదు. కుడివైపు గేరు రాడ్డు మాత్రం కిందికి ఒంగిపోయింది. ఎంత కసిగా తొక్కాడో.

"ఆయన ఎడమకాలితోనే తొక్కేవారు" అంది వెనకనుంచి అత్తగారు. ఎప్పుడొచ్చిందో. "ఎప్పుడూ ఎడమకాలి చెప్పే మొదట అరిగేది. కుడిది కొత్తగా ఉండగానే జత పారేయాల్సి వచ్చేది."

"తెలిసీ పొద్దున చెప్పలేదేం అత్తయ్యా?"

"నన్నెవరడిగారు?" అని ఆవిడ ఒంగిన రాడ్డు వైపు చాలాసేపు చూసింది. "ఈ ఇంట్లో నన్ను ఎవరైనా ఏదైనా అడిగి ఎన్నాళ్లయిందో" అని వెళ్లిపోయింది. ఆమె ఇనప గొట్టం తొడిగి రాడ్డు సరిచేసింది.

సోమవారం ఐదుంబావు. పొయ్యి మీద పాలు పెట్టి, తాళాలు సంచిలో వేసుకుని, బండి షెడ్డులోంచి బయటికి తోసింది. చప్పుడుకి భర్త కుంటుకుంటూ మెట్ల మీదికి వచ్చాడు.

"ఎక్కడికి?"

"డ్యూటీకి."

"మతిపోయిందా? బ్రేకుల్లేవని నిన్ననేగా తేలింది!"

"ఉన్నాయి."

"నా మోకాలు కనబడ్డంలేదూ?"

"కనబడింది. కట్టు కట్టింది నేనే." తన గొంతు తనకే కొత్తగా వినబడింది. అందులో కోపం లేదు, వణుకూ లేదు. "కుడికాలు తొక్కారు మీరు. అది గేరు. మీకింకా నమ్మకం లేకపోతే వెళ్లి ఆ గేటు ముందు నిలబడండి. ఇక్కణ్ణుంచి బండి మీ మీదికి నడుపుకొస్తాను. మీ ముందు ఆపుతాను. ఆగకపోతే పదింటికి నా చేత్తోనే పాతసామాన్ల వాడికి ఎత్తిస్తాను."

అతను గేటు వైపు చూశాడు. బండి వైపు చూశాడు. ఒక మెట్టు దిగాడు. మళ్లీ ఎక్కాడు. "నాకింకేం పనిలేదనుకున్నావా" అన్నాడు, ఎవరితోనో అన్నట్టు.

అప్పుడు లోపల్నుంచి అత్తగారు వచ్చింది. కొడుకుని దాటుకుని, చెప్పులైనా లేకుండా తిన్నగా గేటు దగ్గరికి నడిచింది. ఆమె బండి వదలకుండానే చెయ్యి అడ్డంగా ఊపింది. "అత్తయ్యా, మీరొద్దు, మీరు నిలబడకండి" అంది.

ఆవిడ నిలబడలేదు. గొళ్లెం తీసింది. తుప్పుపట్టిన రెక్కలు రెండూ ఒకదాని తర్వాత ఒకటి బార్లా తోసి పక్కకు జరిగింది.

"వేళవుతోంది, వెళ్లు" అంది. "పాలు పొంగితే ఇవాళ నాదే పొరపాటు అంటాలే."

బండి రెండో కిక్కుకి లేచింది. గేటు దగ్గర ఆమె ఎడమకాలు నొక్కింది. ముందు చక్రం సరిగ్గా గేటు రెక్కలు కలిసే గీత మీద ఆగింది. మెట్ల మీదినుంచి అతను చూశాడు. ఆమె రెండువైపులా చూసి, ఎడమకాలు వదిలింది. అరికాల్లో సూదులు గుచ్చినట్టు సన్నటి నొప్పి మొదలైంది. తిమ్మిరి వదిలేటప్పుడు ఎవరికైనా అలాగే ఉంటుంది.