ముక్కు దగ్గర గీత

నా మనవరాలిని ఇంట్లో అందరం పిచ్చుక అంటాం. గింజ మింగలేని పిచ్చుక. పుట్టినప్పటినుంచి గొంతు సరిగా పనిచేయదు. నోట్లో ఏది పోసినా కడుపులోకి పోవాల్సింది ఊపిరితిత్తుల దారి పడుతుంది. అందుకని ముక్కులోంచి కడుపు దాకా సన్నటి గొట్టం వేశారు. పైన ఉన్న చివరకు సిరంజి తగిలించి, ఆస్పత్రివాళ్ళు ఇచ్చిన పొడి కలిపిన పాలు మెల్లగా పోయాలి.

కూతురు బస్సు డిపోలో టికెట్ల కిటికీ దగ్గర పనిచేస్తుంది. అల్లుడు లారీ మీద ఊళ్ళు తిరుగుతాడు. తెల్లవారగానే ఒకసారి పాలు పోసి కూతురు వెళ్ళిపోతే, సాయంత్రం దాకా పిచ్చుక మా ముసలాళ్ళిద్దరి మీదే. నేను పంపులు విప్పి, గొట్టాలు బిగించి బతికినవాణ్ణి. మా ఆవిడ దర్జీ. ఇప్పటికీ ముందుగదిలో మిషను కుడుతుంది. మెడలో టేపు దండలా వేలాడుతూ ఉంటుంది, నిద్రపోయేటప్పుడు తప్ప తీయదు.

సామాను సిద్ధం చేయడం నా పని, పోయడం ఆమె పని. నా చేతులంటే ఆమెకు నమ్మకం లేదు. పంపులు విప్పిన చేతులకు ఒక సబ్బు చాలదంటుంది. కడుక్కుని వచ్చాక బళ్ళో పంతులు చూసినట్టు గోళ్ళ సందులు చూస్తుంది. నేను బడికి పోయింది మూడేళ్ళే. మిగతా చదువు ఈ వయసులో ఆమె దగ్గర అవుతోంది. సిరంజి కడిగి ఉతికిన గుడ్డ మీద ఆరబెట్టాలి. నీళ్ళు కాచి చల్లార్చాలి. మిగిలిన పాలు దాచకుండా పారబోయాలి. పారబోసేటప్పుడు మాత్రం ఆమె మొహం అటు తిప్పుకుంటుంది. తిండి పారేయడం ఆమె ఒంట్లో లేదు.

పోసేముందు రెండు చూడమంది నర్సమ్మ. ఒకటి, గొట్టం మీద తను పెట్టిన గీత. అది ముక్కు అంచున ఉంటే గొట్టం కదల్లేదని లెక్క. రెండోది, సిరంజితో లోపలినుంచి చుక్క లాగి రంగు కాగితం మీద వేయాలి. కడుపులోని పులుపు తగిలితే కాగితం నారింజ రంగుకు తిరుగుతుంది. ఆకుపచ్చగా ఉండిపోతే పోయకూడదు. పోయిన చలికాలంలో ఒకసారి పాలు ఊపిరితిత్తుల్లోకి పోయాయి. అప్పుడు పిచ్చుక రొమ్ములోంచి వచ్చిన గరగర ఇంకా నా చెవిలో ఉంది. మళ్ళీ అలా జరిగితే పిల్ల తట్టుకోలేదని డాక్టరు కూతురికి చెప్పాడు. కూతురు ఆ మాట మాతో ఒక్కసారే అంది. మళ్ళీ అనలేదు. మేమూ అడగలేదు.

ఆ పొద్దున పిల్లకు జలుబు. తుమ్ములే తుమ్ములు. మా ఆవిడ స్నానం చేయించి, గొట్టాన్ని చెంపకు పట్టి ఉంచే ప్లాస్టరు తడిసి ఊడితే తీసి కొత్తది అంటించింది. నేను వంటింట్లో నీళ్ళు చల్లారుస్తున్నాను. పాలవేళకు కూర్చుని చుక్క లాగితే ఏమీ రాలేదు. పిల్లను ఎడమవైపు తిప్పి పడుకోబెట్టి కాసేపు ఆగాం. మళ్ళీ లాగితే తీగలా సాగే నీళ్ళు కొంచెం వచ్చాయి. కాగితం ఆకుపచ్చగానే ఉంది. ఇంకో కాగితం తీశాను. అదీ అంతే.

గీత చూడమంది మా ఆవిడ. గీత ముక్కు అంచున అతుక్కున్నట్టే ఉంది. కాగితాలు చెడిపోయి ఉంటాయంది. డబ్బా కొత్తదన్నాను. ఉత్త సిరంజితో గాలి కొట్టి, పొట్ట మీద చెవి పెట్టి వింటే సరిపోతుంది, గుడగుడమంటే కడుపులో ఉన్నట్టేగా అంది. ఆ గుడగుడను నమ్మొద్దని నర్సమ్మ చెప్పింది కదా అన్నాను. నాకు ఒక పూటకు అన్ని మాటలే ఎక్కువ.

పిచ్చుక ఆకలికి ఏడవడం మొదలుపెట్టింది. దానికి గట్టిగా ఏడ్చే ఓపిక కూడా లేదు, చిన్నగా గీరినట్టు ఏడుస్తుంది. అది వినడంకంటే గట్టి ఏడుపే నయం. మా ఆవిడ పాల గిన్నె చేతిలోకి తీసుకుంది. నేను సిరంజి తీసి అలమరలో పెట్టి తలుపు వేశాను.

"పాపం చుట్టుకుంటుందయ్యా. పిల్ల అలా డొక్కలెగరేస్తుంటే పాలు ఎదురుగా పెట్టుకుని కూర్చుంటావా?"

నేను అలమర తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాను.

"నువ్వు రాయివి. గుండె ఉండాల్సిన చోట పంపు బిగించుకున్నావు."

ఫోను తీసి నర్సమ్మకు చేశాను. గీత ఎక్కడుందని అడిగింది. ముక్కు దగ్గరే ఉందన్నాను. కాగితం రంగు అడిగింది, ఆకుపచ్చే అన్నాను. "కాగితం తిరగలేదంటే పోయొద్దు తాతా. గీత సంగతి నేను చూస్తాను, పిల్లని తీసుకురండి" అంది.

పాలు పారబోశాను. ఈసారి మొహం తిప్పుకున్నది నేను.

బస్సులో సీటు దొరికింది. పిచ్చుక ఏడ్చి ఏడ్చి అమ్మమ్మలా నిట్టూర్చి నా ఒళ్ళో నిద్రపోయింది. కిటికీలోంచి ఎండ దాని మొహం మీద పడింది. అప్పుడు చూశాను. గీత నీలంగా ఉంది. నర్సమ్మ పెట్టింది నల్లది. పైగా గొట్టం చివరి మూత ఎప్పుడూ గౌను మెడ బొత్తాం దగ్గర ఆగేది. ఇప్పుడు జేబు దాకా వేలాడుతోంది. గొట్టాలతోనే బతికినవాణ్ణి, పొద్దుటినుంచి గీతనే చూస్తూ కూర్చున్నాను.

మా ఆవిడ దగ్గర గుడ్డ మీద గుర్తులు పెట్టే నీలం పెన్ను ఉంటుంది. నేను ఆమె వైపు చూశాను. ఆమె నా చూపు ఎక్కడినుంచి వచ్చిందో వెతుక్కుంటూ గీతను చూసింది, తర్వాత మూతను చూసింది. దిగే దాకా మా ఇద్దరికీ మాటల్లేవు. నాకు అది మామూలే. ఆమెకు కాదు.

నర్సమ్మ కొలిచే టేపు కోసం సొరుగులు వెతికింది. మా ఆవిడ తన మెడలోది తీసి ఇచ్చింది. ముక్కునుంచి మూత దాకా కొలిచి నర్సమ్మ తల ఊపింది. గొట్టం బాగా బయటికి జారిందనీ, లోపలి చివర కడుపులో లేదు, పైన ఎక్కడో ఉందనీ చెప్పింది. ఆ పాలు పోసి ఉంటే ఏమయ్యేదో చెప్పలేదు.

"ఈ నీలం గీత ఎవరు పెట్టారు?"

నేను నేల చూశాను. మా ఆవిడే చెప్పింది. "నేనే. ప్లాస్టరు మారుస్తుంటే నీ గీత దాని జిగురుతో పాటు చెరిగిపోయింది. చెరిగితే వెంటనే దిద్దడం నా చేతికి అలవాటు. లేకపోతే కత్తెర దారి తప్పుతుంది."

నర్సమ్మ కోప్పడలేదు. "గుడ్డ బల్ల మీద కదలకుండా ఉంటుందమ్మా. గొట్టం కదులుతుంది. ఎక్కడ కనబడితే అక్కడ గీస్తే, అది జారిన చోటే సరైన చోటని మనమే రాసిచ్చినట్టు. ఇంకోసారి చెరిగితే గీయకు, నన్ను పిలువు."

పాత గొట్టం తీసి కొత్తది వేశారు. ఎప్పుడూ పిల్ల తల నేనే పట్టుకుంటాను, మా ఆవిడ ఆ సమయానికి బయటికి పోతుంది. ఈసారి ఆమె పట్టుకుంది. కాగితం నారింజ రంగుకు తిరిగింది. నర్సమ్మ నల్లగీత పెట్టి, ముక్కునుంచి మూత దాకా ఎంత ఉందో ఇద్దరి చేతా పలికించింది. ఇకనుంచి గీతతో పాటు ఆ కొలతా చూడమంది.

ఇంటికొచ్చి పాలు పోసేసరికి మధ్యాహ్నం దాటింది. పిచ్చుక కడుపు నిండి, కళ్ళు సగం మూసింది. మాకు తినాలన్న ధ్యాస కూడా లేదు. కూతురు వస్తే ఏం చెబుదామని అడిగాను.

"నేనే చెబుతా. నువ్వు చెబితే వారం పడుతుంది" అంది.

తర్వాత మెడలో టేపు తీసి సబ్బుతో రుద్ది రుద్ది కడిగింది. సిరంజి పక్కన ఉతికిన గుడ్డ మీద ఆరేసింది. ఇకనుంచి ఇది పిల్లదంది. అలా రుద్దితే అంకెలు పోతాయే అన్నాను.

"పోతే కొత్తది కొంటా" అంది. "దిద్దను మాత్రం దిద్దను."

మిషను ముందు కూర్చుంది కానీ తొక్కలేదు. నేను గోడకు చేరగిలబడ్డాను. కునుకు పట్టేలోపే మళ్ళీ పాలవేళ అయింది. చేతులు కడుక్కోవడానికి లేచాను. వెనకనుంచి గోళ్ళ సందులు మరిచిపోవద్దంది.