ప్రశ్న అడిగిన తర్వాత

“ఫోన్లో మొహం పెట్టుకుంటే కూర మాడదా అమ్మా?” అంది అత్తయ్య. నిజంగానే మాడింది. నేను చదువుతున్నది, క్లాసులో ప్రశ్న అడిగాక టీచరు ఎంతసేపు నోరు మూసుకోవాలన్న దాని మీద ఎవరో చేసిన పరిశోధన. అడిగి ఊపిరి తీసుకునేలోపే జవాబు కూడా మనమే చెప్పేస్తామట. కాసేపు ఓపిక పడితే, ఎప్పుడూ చెయ్యెత్తని పిల్లలు కూడా నోరు విప్పుతారట. గిన్నె గీకుతూ నవ్వుకున్నాను. “మీకు సినిమాలు ఇష్టమేనా?” అని ఎవరైనా నన్నే అడిగినా, “తనకంత తీరికెక్కడిది” అని మా ఆయనే చెప్పేస్తారు. పెళ్లయినప్పటి నుంచీ ఇంతే.

మర్నాడే క్లాసులో మొదలుపెట్టాను. ఎంత కష్టమో! నాలుక దురద పెట్టేది. వరండాలో వెళ్తూ హెడ్మాస్టరు తొంగిచూసి, “ఏంటమ్మా, చప్పుడే లేదు, పాఠం చెప్పట్లేదా?” అనేవారు. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. అయినా మానలేదు. ఓ రోజు, “రొట్టెలో సగం పెద్దదా, మూడోవంతు పెద్దదా?” అని అడిగి ఊరుకున్నాను. చివరి బెంచీలో ఓ పిల్ల ఉంది. స్టాఫ్‌రూంలో దాన్ని అందరూ ‘మూగమొద్దు’ అంటారు. అది మెల్లగా లేచి, “మూడోవంతు” అంది. తప్పు అనలేదు నేను. “ఎలా అనుకున్నావమ్మా?” అన్నాను. “రెండు కంటే మూడు పెద్దది కదా టీచర్.” మిగతావాళ్లలో సగం మంది తలూపారు. అందరికీ కాగితాలిచ్చి మడతపెట్టి చూడమన్నాను. ఆ పిల్లే ముందు కనిపెట్టి ఫక్కున నవ్వింది. నాకు కళ్లనీళ్లొచ్చాయి.

మా బడి నుంచి ఒకరు ఈ పద్ధతి గురించి టీచర్ల సమావేశంలో మాట్లాడాలన్నారు. బాగా మాట్లాడినవాళ్లకే మిగతా బళ్లకు వెళ్లి నేర్పించే పని ఇస్తారట. ఆ పని నాకు కావాలి. ఇంకేదీ ఇంతగా కోరుకోలేదు. హెడ్మాస్టరు మాత్రం, “మీ ఆయన మాట్లాడితే నిండుగా ఉంటుందమ్మా” అన్నారు. మా ఆయనదీ మా బడే, పెద్ద క్లాసులకు చెబుతారు. ఆయనేమో, “నువ్వు నాలుగు ముక్కలు రాసిపెట్టు, మిగతాది నేను చూసుకుంటా. నీకు మైకంటే భయం కదా” అన్నారు. నాకు భయమని ఎప్పుడన్నాను? ఆ మాట కూడా ఆయనే అనేసుకున్నారు. రాసిపెట్టాను. చొక్కా ఇస్త్రీ చేసి కూడా ఇచ్చాను. నా మీద నాకే ఒళ్లు మండింది.

సమావేశంలో ఆయన బాగానే మాట్లాడారు. “మా క్లాసులో ఒక పిల్ల...” అన్నారు. ఆ పిల్ల మొహం కూడా ఎరగరు. ముందు వరసలో ఓ టీచరు లేచింది. “సరే సార్, ఓపిక పట్టాం. అంతా అయ్యాక పిల్ల తప్పు చెప్పిందనుకోండి. అప్పుడేం చేశారు?” అంది.

ఆ ముక్క నేను రాయలేదు. ఆయన కాగితం తిరగేసి చూసి, పక్కనే కూర్చున్న నా వైపు తిరిగారు. స్నానాల గదిలోంచి తువ్వాలు కోసం చెయ్యి చాపినట్టే, మైకు అరచేత్తో మూసి, చెవి నా దగ్గరికి వంచారు. చెప్పొద్దూ, జాలేసింది. నుదురంతా చెమట. చెవిలో రెండు మాటలు వేస్తే గండం గట్టెక్కుతారు. ఇన్నాళ్లూ చేసిందదే కదా. పెదవుల దాకా వచ్చిన జవాబు మింగేసి, ఆయన చేతిలోంచి మైకు తీసుకున్నాను. లేచి నిలబడ్డాను.

“ఆ క్లాసు నాదండీ” అన్నాను ఆ టీచరుతో. “ఆ పిల్ల తప్పే చెప్పింది.”

హాల్లో గుసగుసలు. ఆయన కంగారుగా మైకు వైపు వంగి, “అంటే, మా ఆవిడ ఉద్దేశం ఏంటంటే...” అని అందుకోబోయారు.

“మీరు కాసేపు ఆగండి” అన్నాను.